విప్పేసిన పెంకు

తేళ్ల విషం తీసే ల్యాబులో మా ఆవిడ ఆఫీసరు, నేను అసిస్టెంటుని.

"ఈ తేలు చచ్చిపోయిందే," అంటూ గాజుపెట్టెలో వట్టిచెయ్యి పెట్టి పట్టుకున్నాను. బరువే లేదు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "కదలకండి! అది విప్పేసిన పెంకు. ఒంట్లో ఎముకల్లేని జీవి, పెరగాలంటే పాత పెంకు వదిలెయ్యాల్సిందే."

"మరి తేలేదీ?"

"మీ మణికట్టు కిందే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ ఊపిరి బిగబట్టి, బ్రష్షు కొనతో తెల్లటి తేలుని మెల్లగా పక్కకి జరిపింది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ప్రాణం కాపాడావే!"

"మీ ప్రాణమా?" అంది పెట్టె మూస్తూ. "దాని కొండి ఇంకా గట్టిపడనే లేదు. మీ చెయ్యి ఆనితే అదే చచ్చేది."