టీవీ నవ్విన సలాడ్

హార్లన్ తన భార్య వెర్నాను ఖననం చేసి వచ్చిన సాయంత్రమే, పొరుగింటి లొరేన్ గిన్నెతో గుమ్మంలో నిలబడింది. గిన్నెలో తియ్యటి ఆకుపచ్చ జెల్లీ, దాన్లో క్యారెట్ తురుము. హార్లన్‌కి ఒళ్లు మండింది.

కొన్నేళ్ల కిందట ఎవరో విదేశీ యాత్రికుడు ఊరి చర్చి విందులో ఇదే తిని, "అమెరికాలో, ఈ అయోవా రాష్ట్రంలో మిఠాయిలో క్యారెట్ తురిమి సలాడ్ అంటారు!" అని టీవీ కెమెరా ముందు వెక్కిరించాడు. ఎవరు చేశారని అడిగితే నేనే చేశానన్న వెర్నా, ఆ తర్వాత మళ్లీ ఏ విందుకూ వెళ్లలేదు.

"ఆ రోజు వెర్నా పక్కనే నిలబడి పళ్లికిలించావు. ఇప్పుడు తిను, నేను చూస్తాను," అన్నాడు హార్లన్.

లొరేన్ ఒక చెంచా తింది. చెంచా గిన్నెలో పెట్టేసింది.

"ఆ రోజు సలాడ్ నేను చేసింది, హార్లన్. ఎవరు చేశారని అడిగితే, పాలిపోయిన నా మొహం చూసి వెర్నా 'నేనే' అంది."

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

"అందరి నవ్వూ నా మీద పడకుండా వెర్నా మీదికి పోయిందని హాయిగా అనిపించింది."

హార్లన్ తలుపు మూయలేదు. లోపలికి రమ్మనీ ఇంకా అనలేదు.