గంట ప్రయాణం

"ఎత్తుదామా వద్దా? పొద్దు వాలిపోతా ఉండాది," అన్నాడు పరంధామయ్య.

గురప్ప తండ్రి శవం పక్కనుంచి కదల్లేదు. "అన్న వస్తా ఉండాడు చిన్నాయనా. తలకొరివి పెద్దకొడుకే పెట్టాల. పానం పోయేముందు గూడా నాయన, 'పెద్దోడొచ్చినాడా' అనే అడిగినాడు."

చంద్రగిరిలోని ఆ వీధిలో పొద్దుటినుంచి ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. శవం లేచేదాకా వెలిగించకూడదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"హైదరాబాదు నుంచి రేణిగుంటకు విమానంలో ఎంతసేపు?" పరంధామయ్య అడిగాడు.

"గంట. రోడ్డు మీదైతే ఐదారు వందల కిలోమీటర్లుగానీ, ఆకాశంలో నాలుగు వందల చిల్లరే," అన్నాడు పక్కింటి మేష్టరు చక్రధర్.

"ఆడినుంచి ఈడికి?"

"కారులో ముక్కాలు గంట."

"పొద్దున ఆరుకు ఫోను జేస్తే, ఏడున్నర విమానానికి వస్తానన్నాడు. ఇప్పుడు నాలుగు. దానికేమన్నా ఎద్దుల్ని గట్టినారా?"

ఎవరో నవ్వబోయి, గురప్ప ముఖం చూసి ఆగిపోయారు.

గురప్ప మళ్లీ సెల్లు నొక్కాడు. స్విచాఫ్. "విమానంలో ఉంటే ఆపేయాలంట," అన్నాడు తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"ఎనిమిది గంటలు ఆకాశంలోనే ఉండాడా మీయన్న?" అంది భార్య మునిలక్ష్మి, శవం కింద కరిగిన ఐసు నీళ్లు గుడ్డతో ఒత్తుతూ. "ఆ పసిబిడ్డలకు ఇన్ని బొరుగులన్నా పెట్టనీయండి. దేవుడేమీ అనుకోడు."

అయిదు కావస్తుండగా వీధి మొదట్లో కారు ఆగింది. సుందరరాజు టోపీ సర్దుకుంటూ పరుగున వచ్చి, తండ్రి కాళ్ల మీద పడిపోయాడు.

"విమానం లేటురా తమ్ముడా! నేనేం జేసేది?"

గురప్ప అన్నను కావలించుకుని భోరుమన్నాడు. "నువ్వొస్తావని నాకు తెలుసన్నా. నీకోసరమే నాయన ముఖం మూయనీలేదు."

తొందరపడి నోరు జారానని పరంధామయ్య చెంపలు వేసుకున్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాడె సిద్ధమైంది.

మంగలి గోవిందస్వామి నీళ్ల చెంబు, కత్తి తెచ్చి సుందరరాజు ముందు కూర్చున్నాడు. నిప్పుకుండ పట్టేముందు పెద్దకొడుకుకు క్షవరం కావాలి.

"టోపీ తీయి సామీ, పొద్దు పోతా ఉండాది."

సుందరరాజు తీయలేదు. "పదోనాడు చేయించుకుంటాలే."

"అదేం మాట? మన ఇండ్లల్లో ఎప్పుడన్నా అట్ల జరిగిందా?" అంటూ పరంధామయ్య చెయ్యి చాపి టోపీ లాగేశాడు.

నున్నటి గుండు. దాని మీద ఇంకా పూర్తిగా ఆరని చందనం.

ఏడుపులు ఆగిపోయాయి. ఆ గుండు ఎక్కడిదో తిరుపతి చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు.

గురప్ప అప్పటిదాకా పట్టుకున్న అన్న చెయ్యి వదిలేశాడు.

సుందరరాజు తల దించుకుని గొణిగాడు. "విమానం ఎనిమిదిన్నరకే దిగింది చిన్నాయనా. శవాన్ని చూస్తే అంటు, ఇంక ఏడాది దాకా కొండెక్కకూడదు గదా... అందుకే ముందు గుండు మొక్కు తీర్చుకొనొచ్చినా."