మధ్యలో ఆపకూడని కడ్డీ

లేత్ మిషన్ మీద, నికెల్ మిశ్రలోహమని చీటీ ఉన్న కడ్డీ తిరుగుతోంది. కొలిమిలో పెట్టినా ఓ పట్టాన మెత్తబడని ఘటం అది. కటింగ్ మధ్యలో టూలు ఆగి ఒరుసుకుందా, అక్కడే మొండికేసి ఇంకా గట్టిపడుతుంది. అందుకే టర్నర్ ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆ వర్క్‌షాపులోనే సరుకు పరీక్షించి చీటీలు అంటించే ఇన్‌స్పెక్టర్ ఆవిడ.

“ఏవండీ, మా నాన్న ఎల్లుండి వచ్చేస్తున్నారు. ఇక మనతోనే ఉంటారు.”

“ఉండనీ. ఆయన బాతులు మాత్రం వద్దు.”

“తొమ్మిదీ వస్తాయి.”

“కుదరదని వందసార్లు చెప్పానా!”

“అయితే మిషన్ ఆపండి, ఇప్పుడే తేల్చుకుందాం.” ఆవిడ వేలు ఎర్ర బటన్ మీదికి వెళ్లింది.

“అమ్మా తల్లీ, ముట్టుకోకు! కడ్డీ పాడైపోతుంది! సరే, రానీ!”

“స్నానాల తొట్టి వాటికే.”

“ఇచ్చేశాను, వెళ్లు!”

పని పూర్తయింది. టూలు మొన కాస్తైనా అరగలేదు. ఇంత మొండి లోహాన్ని వెన్నలా కోశానని మురిసిపోతూ, టర్నర్ కొలత చూడడానికి డయల్ గేజీ అందుకున్నాడు. గేజీ అడుగున ఉన్న అయస్కాంతం టక్కున కడ్డీకి అతుక్కుంది.

ఈ రకం నికెల్ మిశ్రలోహానికి అయస్కాంతం చచ్చినా అంటుకోదు.

ఆయన కడ్డీ చివరి చీటీని గోటితో గీకాడు. కింద ఇంకో చీటీ ఉంది: “మామూలు స్టీలు.”

వెనక నుంచి భార్య ట్రాలీ తోసుకుంటూ వచ్చింది.

“అసలు కడ్డీ ఇదిగోండి, బిగించండి. సగం కోశాక కేకెయ్యండి. మా తమ్ముడి మేకల సంగతి కూడా మాట్లాడాలి.”