పూల మధ్య పెని ఫొటో

ఆపియా పట్నం నుంచి వచ్చిన బస్సు దిగిన ఫెతు, తన వదిన లాంగి ఇంటికి పరుగు పెట్టింది. ఆస్ట్రేలియాలో కూలీల వ్యాను బోల్తాపడి అన్న పెని పోయాడన్న కబురు ఫోన్‌లో తెలిసేలోపు, తానే దగ్గరుండి చెప్పాలని ఆమె ఆరాటం.

కొబ్బరి కోరుతున్న లాంగి తలెత్తి నవ్వింది. "రా రా! మీ అన్న అక్కడికి పళ్లు కోయడానికే వెళ్లాడా, సినిమాల్లో వెయ్యడానికా?"

"ఏమైంది వదినా?"

"పొద్దుట్నుంచీ ఆ పళ్లతోటవాళ్లంతా ఫోన్‌లో ఆయన ఫొటోలే పెడుతున్నారు, చుట్టూ పూలు కూడానూ! నాకు ఇంగ్లీషు రాదుగా, అన్నిటికీ గుండె బొమ్మలు పెట్టేశాను. 'ఈ అందగాడు నా మొగుడే' అని మన భాషలో రాశాను కూడా. ఏమని పొగిడారో చదివి చెప్పవే!"

ఫెతు ఫోన్ అందుకుంది. కన్నీళ్లు ఆ ఫొటో మీదే రాలాయి.

లాంగి చేతులు ఆగిపోయాయి. ఆడపడుచు ముఖంలోకి చాలాసేపు చూసింది. మెల్లగా ఫోన్ తీసుకుని చాప మీద బోర్లా పెట్టింది.

"అందులోది చదవొద్దు. ఇలా నా పక్కన కూర్చో. మీ అన్నకేమైందో నీ నోటితో చెప్పు."