నాసిర్‌కి చెప్పని మాట

"మీ చిన్నమ్మాయి గుండెలో పొటాషియం రాకపోకలు చూసే జన్యువు పాడైందండీ. ఈత కొడుతుంటే గుండె ఆగిపోవచ్చు," అన్నాడు విజయవాడ డాక్టరు.

నసీమా పక్కనున్న భర్త వైపు చూసింది. "మా పెద్దమ్మాయి కాలవలో ఈదుతూనే పోయిందండీ. వాళ్లన్న నాసిర్ సరిగా చూసుకోలేదనుకున్నాం."

"అదీ ఇందువల్లే అయ్యుంటుంది. అబ్బాయి తప్పు లేదు. అతనికీ ఈ జబ్బు ఉండొచ్చు, పరీక్షకి తీసుకురండి."

బయటికి రాగానే నసీమా భర్త చెయ్యి పట్టుకుంది. "నాసిర్‌కి ఇప్పుడే ఫోన్ చేద్దామండీ. తొమ్మిదేళ్లుగా వాడు నవ్వలేదు."

"వద్దు," అన్నాడు కరిముల్లా. "ఆ తప్పు మోస్తున్నాడు కాబట్టే హైదరాబాద్ ఉద్యోగం వదులుకుని మన కొట్లో పడున్నాడు. తెలిస్తే ఆగడు."

పామర్రు చేరేసరికి నాసిర్ గుమ్మంలోనే ఉన్నాడు.

"చెల్లికి ఏమైందటమ్మా?"

"రక్తం తక్కువంట నాన్నా," అంది నసీమా. "నువ్వు కొట్టుకెళ్లు."