మిట్టమధ్యాహ్నపు పిలుపు

తలుపు మళ్ళీ చప్పుడైంది.

"అప్పయమ్మా... అకేలీ హో క్యా?"

ఒంటరిగా ఉన్నావా అట! పిట్ట కూడా ఎగరని ఎండలో, ముక్కూ మొహం తెలియని ఆడమనిషి అడగాల్సిన మాటేనా అది?

అప్పయమ్మ మంచం మీదే బిగుసుకుపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లో, తోర్వాలోని ఆ రైల్వే క్వార్టర్లో పగలంతా ఆమె ఒక్కతే. కొడుకు ఆదినారాయణకి బొగ్గు గూడ్సు మీద డ్యూటీ. కోడలు సౌభాగ్యకి ఆఫీసు.

కిటికీ సందులోంచి చూసింది. మొహమంతా తెల్లగుడ్డ. కళ్ళు మాత్రమే కనిపించాయి.

సాయంత్రం పక్కింటి లక్ష్మీనరసమ్మకి చెబితే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

"నన్నూ పేరెట్టి పిలిసినాది వొదినా! పలికేవేటి కొంపదీసి?"

"నేదు. గుండె జారిపోనాది."

"కాళ్ళు సూసేవా?"

"మొహమే సూళ్ళేపోనాను, కాళ్ళేటి సూత్తాను!"

"అమ్మో! మిట్టమజ్జానం పేరెట్టి పిలిసిందంటే అది మనిషి కాదు. మనూళ్ళో ఏటి సేసీవోరు? తలుపు మీద 'రేపు రా' అని రాసీవోరు. రోజూ అదే సదువుకుని ఎల్లిపోద్ది."

లక్ష్మీనరసమ్మే సుద్దముక్క తెచ్చి రెండిళ్ళ తలుపుల మీదా రాసింది. విజయనగరం వదిలి ఎంతకాలమైనా భయం మాత్రం అక్కడిదే.

ఆదినారాయణ ఆ రాత చూసి నవ్వాడు. టీవీలో ఎవరో ఆఫీసరు, వడదెబ్బ నుంచి జనాన్ని కాపాడ్డానికి నగరానికి ఎండల ప్లాను సిద్ధమైందని చెబుతున్నాడు.

"ప్లానులకేటమ్మా, శానా ఏత్తారు. మేం బొగ్గు మోత్తానే ఉన్నాం, ఎండ పెరుగుతానే ఉంది. ఆ ప్లాను మన గుమ్మం తొక్కుద్దేటి?"

మర్నాడూ పిలుపు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పిలిచి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేది.

రాత పనిచేస్తోందని వీధిలోని తెలుగువాళ్ళంతా తలుపుల మీద సుద్ద గీసుకున్నారు. ఛత్తీస్‌గఢ్ దెయ్యానికి తెలుగు చదవడం వచ్చా అని ఒక్కరూ అడగలేదు!

శుక్రవారం పొద్దున్నే కరెంటు పోయింది. వెనక పట్టాల మీద బొగ్గు బళ్ళు మాత్రం ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం చప్పుడు తలుపు అడుగున వినిపించింది. గోళ్ళతో గీకుతున్నట్టు.

"అప్పయమ్మా... పానీ..."

అప్పయమ్మ మనసు ఊరుకోలేదు. దాహమన్నవాళ్ళకి లేదనే ఇల్లు కాదది. చెంబు ముంచింది. గడియ మీద చెయ్యి కూడా వేసింది.

దెయ్యాలు దాహమనే అడుగుతాయని అప్పుడు గుర్తొచ్చింది.

"రేపు రా తల్లీ," అంది లోపలినుంచే.

గీకుడు ఆగిపోయింది. అమ్మయ్య అనుకుని, ఆ చెంబు నీళ్ళు తనే తాగేసింది.

సాయంత్రం సౌభాగ్య పెట్టిన కేకకి వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి.

మెట్టు మీద ఒకామె ఒరిగిపోయి ఉంది. సౌభాగ్య ఆమె మొహం మీది గుడ్డ తీసింది. పెదాలు పగిలిపోయాయి. ఒళ్ళింకా వేడిగానే ఉంది, ఊపిరి లేదు.

పక్కనే సంచీ. అందులో ఖాళీ సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, వీధిలోని ముసలివాళ్ళ పేర్లు రాసిన కాగితం.

"ఎవరత్తా ఈవిడ?"



ఎవరో కబురు పెడితే వార్డు నర్సు పరుగెత్తుకొచ్చి, "హే భగవాన్, దులారీ!" అంటూ తల బాదుకుంది.

ఎండ ముదిరిన వేళ ఒంటరి ముసలివాళ్ళ తలుపు తట్టి, ఎలా ఉన్నారో చూసి, నీళ్ళు తాగించి రమ్మని ఎండల ప్లాను ఆ వీధికి పంపిన మనిషి దులారీ.