గోడ ఎత్తిన బిందె

చేత్తో బొమ్మలు గీసి కదిలించడం నా వృత్తి. ఇప్పుడా యానిమేషన్ అంతా ఎవరింట్లో వాళ్ళ మాట వినే తెరగోడే చేసిపెడుతోంది. మా అమ్మాయి హవిష "అవ్వ కథ" అనగానే మా హాలు గోడ మీద ఓ అవ్వ ప్రత్యక్షమై, నీళ్ళ బిందెని దూదిమూటలా ఎత్తుకుని చకచకా వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది.

"ఎత్తే ముందు వంగాలి, ఊపిరి బిగబట్టాలి, నడుం ఓ పక్కకి ఒరగాలి! బరువెక్కడ?" అని గోడని కసిరాను.

"సరిచేశాను," అంది గోడ. అవ్వ చీర రంగు మారింది.

తల పట్టుకున్నాను. కాగితాల బొత్తి తీసి, నా అవ్వని నేనే గీసి, గబగబా తిప్పి చూపించాను.

"నాన్నా, నీ అవ్వ ఆగి ఆగి లేస్తోంది. పాడైపోయిందా?" అంది హవిష.

"పాడవడం కాదే, బరువు!"

"బరువుంటే ఆగిపోతారా?"

కుళాయి తిప్పడమే తప్ప, నీళ్ళు మోసే మనిషిని ఈ పిల్ల చూసిందెక్కడ? విసురుగా వంటింట్లోకి తీసుకెళ్ళి, అటక మీది ఇత్తడి బిందె దించి, నింపి, ఎత్తమన్నాను. వంగింది. ఊపిరి బిగబట్టింది. మొహం ఎర్రబడింది. బిందె కదల్లేదు.

రొప్పుతూ హాల్లోకి పరిగెత్తి అరిచింది.

"గోడా! నీ బిందెలో నీళ్ళు లేవు!"